మళ్ళీ చివరి నిమిషంలోనే ఓడాం: యూఎస్‌సీ డిఫెన్స్ నిజంగా మారిందా?

#1 · ఫిగ్యురోవా_వీధి · 2024 అక్టోబర్ 20, ఉదయం 6:50

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో మేరీలాండ్ 29, మన సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) 28. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఏడు ఆటలు అయ్యాయి. మూడు గెలిచాం, నాలుగు ఓడాం. ఓడిన నాలుగింటిలోనూ చివరి క్వార్టర్‌లో ఆధిక్యం మనదే. మిషిగన్ దగ్గర 3 పాయింట్ల తేడా, మిన్నెసోటా దగ్గర 7, పెన్ స్టేట్‌తో 3, నిన్న 1. నాలుగు ఓటములూ కలిపితే 14 పాయింట్లు. అంటే రెండే రెండు టచ్‌డౌన్లు (బంతితో అవతలి గీత దాటితే ఆరు, తర్వాతి కిక్‌తో ఏడు)!

పోయిన నవంబరులో వాషింగ్టన్ మన మీద 52 పాయింట్లు చేసిన మర్నాడే మన డిఫెన్స్ కోచ్ అలెక్స్ గ్రించ్‌ను తీసేశారు. ఆ రోజు మా గదిలో నలుగురం సేమ్యా పాయసం చేసుకుని తిన్నాం. తర్వాత ఆ స్థానంలోకి పొరుగింటి యూసీఎల్‌ఏ నుంచి డాంటన్ లిన్ వచ్చాడు. ప్రొఫెషనల్ జట్టు రామ్స్ నుంచి ఎరిక్ హెండర్సన్, హ్యూస్టన్ నుంచి డగ్ బెల్క్, నార్త్ డకోటా స్టేట్‌లో హెడ్ కోచ్ పదవే వదులుకుని మాట్ ఎంట్జ్. ఇంతమంది ఒకేసారి రావడం చూసి ఇక డిఫెన్స్ బెంగ తీరిందనుకున్నాను.

నేను అడిగేది ఒక్కటే. కోచ్‌లు మారారు, పద్ధతి మారింది, ఆటగాళ్ళలో చాలామంది మారారు. చివరి రెండు నిమిషాలు మాత్రం ఎందుకు మారడం లేదు?

#2 · మూడో_డౌన్ · ఉదయం 7:25

మారలేదని ఎలా అంటారు? పోయినేడాది మొదటి ఏడు ఆటల్లో మనం ఇచ్చినవి 210 పాయింట్లు, ఆటకు 30. ఈసారి ఏడు ఆటల్లో 154, ఆటకు 22. అదీ పాక్-12 లీగ్ వదిలి బిగ్ టెన్ లీగ్‌లోకి వచ్చాక. యూటా స్టేట్‌కు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. మన డిఫెన్స్ అలా సున్నాతో ఆట ముగించడం 2011 తర్వాత ఇదే మొదటిసారి. విస్కాన్సిన్ సగం ఆటకు 21-10తో ముందుంది. రెండో సగంలో వాళ్ళకు ఒక్క పాయింటైనా వచ్చిందా? గ్రించ్ రోజుల్లో సగం ఆట దగ్గర వెనకబడితే అంతే సంగతులు.

ఇంకో మాట. ఒక మనిషి ఉద్యోగం పోయిన రోజు పాయసం వండుకోవడం నాకు నచ్చలేదు. ఆయన శిక్షణ మీద నాకూ కోపం ఉంది. అయినా నచ్చలేదు.

#3 · ఫిగ్యురోవా_వీధి · ఉదయం 7:40

పాయసం విషయం ఒప్పుకుంటున్నాను, అది తప్పే. అంకెల విషయం మాత్రం ఒప్పుకోను. యూటా స్టేట్‌ను కలిపి సగటు తీస్తే ఎవరి డిఫెన్సయినా బాగుంటుంది.

#4 · మూడో_డౌన్ · ఉదయం 7:52

పోయినేడాది ఏడు ఆటల్లో నెవాడా, శాన్ హోసే స్టేట్ ఉన్నాయి కదా! వాళ్ళే మన మీద 14, 28 చేశారు. చిన్న జట్లను తీసేసి చూసినా తేడా అంతే ఉంటుంది.

#5 · బాల్టిమోర్_బాబాయి · ఉదయం 8:10

నిన్న నేను కాలేజ్ పార్క్‌లో, మేరీలాండ్ స్టేడియంలోనే ఉన్నాను. ఇక్కడ మేరీలాండ్ అభిమానుల మధ్య ఎర్ర చొక్కా వేసుకుంటే ఎవరూ పట్టించుకోరు, వాళ్ళదీ ఎరుపే. మా అమ్మాయి, నేను మన జట్టు బెంచీ వెనక వైపు పదిహేనో వరుసలో కూర్చున్నాం. అక్కడినుంచి నాకు కనిపించింది చెబుతాను.

నాలుగో క్వార్టర్ మొదలయ్యే సరికి మన డిఫెన్స్ లైన్ కుర్రాళ్ళు ఆట ఆగిన ప్రతిసారీ నడుము మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డారు. ఒకతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి నేల చూస్తున్నాడు. పక్కవాడు వచ్చి వీపు తట్టి లేపాడు. ఎదురుగా మేరీలాండ్ లైన్ వాళ్ళు అప్పటికే వరుసలో కూర్చుని సిద్ధంగా ఉన్నారు. మన వాళ్ళు చేతులు నేల మీద పెట్టేలోపే బంతి కదిలింది. ఇది ఒకసారి కాదు, నేను చూసినంతలో మూడు నాలుగుసార్లు.

అది భయమో, తెలివితక్కువతనమో కాదు. ఊపిరి ఆడక. మార్చడానికి బెంచీ మీద మనుషులు లేరు.

ఇక ఆ ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకు తన్నే కిక్, మూడు పాయింట్లు). 28-22 దగ్గర మనది పడి ఉంటే 31-22. మేరీలాండ్ రెండుసార్లు స్కోరు చేయాల్సి వచ్చేది, ఆట అక్కడితో అయిపోయేది. మధ్యలోంచి చెయ్యి లేచింది, బంతి అడ్డుపడింది, స్టేడియం దద్దరిల్లింది. ఇంకా 53 సెకన్లు ఉండగా వాళ్ళ టచ్‌డౌన్. మా అమ్మాయి కారులో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

#6 · పసడెనా_పద్మ · ఉదయం 8:31

బాబాయి గారు చెప్పిందే అసలు సంగతి. ఫీల్డ్ గోల్ ఆగిపోతే డిఫెన్స్‌ను ఎందుకు అంటున్నారు?

#7 · ఫిగ్యురోవా_వీధి · ఉదయం 8:44

ఫీల్డ్ గోల్ ఆగినా ఆరు పాయింట్ల ఆధిక్యం చేతిలోనే ఉంది పద్మ గారూ. ఒక్కసారి ఆపితే చాలు. ఆ ఒక్కసారే కావాలి నాకు.

#8 · తెనాలి_ట్రోజన్ · ఉదయం 9:20

నేను మాట్లాడేది మేరీలాండ్ గురించి కాదు, పెన్ స్టేట్ ఆట గురించి. ఆ రోజు మా నాన్నను మన స్టేడియం కొలీజియంకు తీసుకువెళ్ళాను. సెప్టెంబరులో తెనాలి నుంచి వచ్చారు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ బాగా ఆడేవారు, కార్నర్‌లో. చీలమండ పట్టడంలో పేరున్న మనిషి. ఈ ఆట ఎప్పుడూ చూడలేదు. క్యాంపస్ నుంచి వెళ్ళేటప్పుడు అందరూ ఎక్స్‌పొజిషన్ వీధిలో జెండా స్తంభాన్ని కాలితో తన్నడం చూసి కంగారు పడ్డారు. జట్టుకు మంచిదని చెబితే, చెప్పు విప్పి మెల్లగా తాకించారు.

ఎండ మండిపోతోంది. సగం ఆటకు మనం 20-6. నాన్న మొదటి క్వార్టర్ మొత్తం నియమాలు అడిగారు. రెండో క్వార్టర్ నుంచి అడగడం మానేసి, నా జేబులోని పార్కింగ్ రసీదు తీసుకుని దాని వెనక పెన్నుతో గీతలు పెట్టడం మొదలుపెట్టారు. ఏమిటని అడిగితే, "పట్టు జారినవి" అన్నారు. మన వాడి చెయ్యి పడ్డాక కూడా ఎదుటివాడు ముందుకు పోతే ఒక గీత.

మూడో క్వార్టర్‌లో నన్ను మోచేత్తో పొడిచి, "ఆ 44వ నెంబరు వాణ్ణి ఎవరూ ఎందుకు చూసుకోవడం లేదురా? బంతి ప్రతిసారీ వాడి దగ్గరికే వెళుతోంది" అన్నారు. జీవితంలో మొదటిసారి ఈ ఆట చూస్తున్న మనిషి! 44 అంటే టైలర్ వారెన్. 17 క్యాచ్‌లు, 224 గజాలు. అతనే బంతి వెనక్కి అందించి, అతనే పరిగెత్తి 32 గజాల టచ్‌డౌన్ పట్టాడు.

ఆట అయ్యేసరికి రసీదు వెనక వైపు నిండిపోయింది. నాన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చాక చెప్పారు: "మీ వాళ్ళు భుజంతో గుద్ది పడేద్దామని చూస్తున్నారు. చేతులు చుట్టడం లేదు. మొదటివాడి పని పడెయ్యడం కాదు, ఆపడం. రెండోవాడు వచ్చేదాకా వదలకపోవడం. అలిసినకొద్దీ మనిషికి చుట్టే ఓపిక తగ్గుతుంది, గుద్దడం ఎక్కువవుతుంది."

లిన్ వచ్చిన రోజు నుంచి పట్టు గురించే చెబుతున్నాడు. మొదటి మూడు క్వార్టర్లలో తేడా కనిపిస్తోంది కూడా. నాలుగో క్వార్టర్‌లో నాన్న గీతలు దగ్గరదగ్గరగా పడ్డాయి.

#9 · ఓరుగల్లు_రన్‌బ్యాక్ · ఉదయం 9:34

నాన్నగారిని వెంటనే లైన్‌బ్యాకర్ల కోచ్‌గా తీసుకోవాలి. ఆ రసీదు దాచండి!

#10 · మూడో_డౌన్ · ఉదయం 9:41

నాన్నగారి మాటకు తిరుగు లేదు. ఆ ఆటలో మనల్ని ముంచింది మాత్రం నాలుగో డౌన్లు (పది గజాలకు ఉండే నాలుగు ప్రయత్నాల్లో చివరిది). పెన్ స్టేట్ స్కోరు సమం చేసిన ఆ చివరి దండయాత్రలో నాలుగో డౌన్ మీద 7 గజాలు కావాలి, తెచ్చుకున్నారు. మళ్ళీ నాలుగో డౌన్ మీద 10 గజాలు, మళ్ళీ తెచ్చుకున్నారు. ఆ రెంటిలో ఏ ఒక్కటి ఆపినా ఓవర్‌టైమ్ ఉండేది కాదు, మన ఫీల్డ్ గోల్ పక్కనుంచి పోవడమూ ఉండేది కాదు.

#11 · ఫిగ్యురోవా_వీధి · ఉదయం 9:50

చూశారా, మీరే నా మాట చెబుతున్నారు.

#12 · ఆన్‌ఆర్బర్_అల్లుడు · ఉదయం 10:15

నేను మిషిగన్ వాణ్ణి. మా ఆవిడ, బావమరిది మీ ట్రోజన్లు (యూఎస్‌సీ వాళ్ళు) కాబట్టి ఈ చర్చలో నాకూ కొంచెం హక్కుంది. దెప్పడానికి రాలేదు.

సెప్టెంబరు 21న మా జట్టు మీ మీద పాస్‌లతో తెచ్చుకున్నది 32 గజాలు. ఆట మొత్తానికి! పరుగుతో 290. మేము పరిగెత్తుతామని స్టేడియంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు, లిన్‌కూ తెలుసు. అయినా చివర్లో కేలెల్ మల్లింగ్స్ ఒక్క పరుగులో 63 గజాలు పోయాడు. తర్వాత నాలుగో డౌన్, ఒక గజం, 37 సెకన్లు. అతనికే ఇచ్చాం, అతనే దూరాడు. తెలిసీ ఆపలేకపోవడం అంటే అది పథకం లోపం కాదు, బరువు లోపం. మధ్యలో నిలబడే పెద్దవాళ్ళు మీకు తక్కువ. వయోమింగ్ నుంచి ఒకరిని, వాండర్‌బిల్ట్ నుంచి ఒకరిని తెచ్చుకుని నెట్టుకొస్తున్నారు. ఈ లీగ్‌లో ప్రతి వారం 300 పౌండ్లు దాటినవాళ్ళు ఆటకు అరవైసార్లు మీద పడుతూనే ఉంటారు.

మేమూ ఇది అనుభవించాం. కోచ్ రిచ్ రాడ్రిగెజ్ రోజుల్లో 2010లో మా డిఫెన్స్ ఆటకు 35 పాయింట్లు ఇచ్చేది. మరుసటి ఏడాది డిఫెన్స్ కోచ్‌గా గ్రెగ్ మాటిసన్ వచ్చాడు, 17కు దిగింది. 11 ఆటలు గెలిచాం.

#13 · ఫిగ్యురోవా_వీధి · ఉదయం 10:28

అదే నేను అడిగేదీ! మాటిసన్‌కు ఒక్క ఏడాది సరిపోయింది. లిన్ కూడా యూసీఎల్‌ఏలో ఒక్క ఏడాదిలోనే ఆటకు 29 ఇచ్చే డిఫెన్స్‌ను 18 దగ్గరికి తెచ్చాడు. మన దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

#14 · ఆన్‌ఆర్బర్_అల్లుడు · ఉదయం 10:45

తొందరపడకండి. మాటిసన్ వచ్చేసరికి మా లైన్‌లో మైక్ మార్టిన్, ర్యాన్ వాన్ బెర్గెన్ నాలుగో ఏడు, అయిదో ఏడు చదువుతున్న గట్టి మనుషులు. దెబ్బలు తిని, ఓటములు చూసి రాటుదేలినవాళ్ళు. యూసీఎల్‌ఏలో లిన్‌కు లాయాటు లాటు ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరేవాణ్ణి) ఒంటరిగా తరిమేవాడు ఒక్కడుంటే వెనకున్న అందరి పనీ తేలికవుతుంది. మీకు ఇప్పుడు అలాంటివాడు ఎవరో చెప్పండి.

#15 · గార్డెనా_గిరి · ఉదయం 11:02

ఉన్నవాళ్ళు కూడా మిగలలేదు. బేర్ అలెగ్జాండర్ మూడు ఆటలు ఆడి, ఈ ఏడాదికి ఇక ఆడను, రెడ్‌షర్ట్ (ఆడకుండా ఈ ఏడాది అర్హత దాచుకోవడం) తీసుకుంటానని తప్పుకున్నాడు. ఎరిక్ జెంట్రీ తల దెబ్బలతో ఆగిపోయాడు. ఆరడుగుల ఆరంగుళాల లైన్‌బ్యాకర్ మధ్యలో చేతులు చాస్తే పాస్ వేయడానికి దారి కనిపించేది కాదు. వారెన్‌కు అడ్డుగా అతనుంటే ఎలా ఉండేదో! ఆంథనీ లూకస్ మిన్నెసోటా దగ్గర కాలు దెబ్బ తిని ఈ ఏడాదికి దూరమయ్యాడు. లిన్ చేతిలోంచి ముగ్గురు పోయారు. ఇంట్లో సరుకులు లేకుండా వంట బాగా లేదని వంటమనిషిని తిడితే ఎలా?

#16 · ఫిగ్యురోవా_వీధి · ఉదయం 11:15

సరుకులు తెచ్చే పని ఎవరిది గిరి గారూ? హెడ్ కోచ్ లింకన్ రైలీ వచ్చి ఇది మూడో ఏడు. 2021 నవంబరు చివర్లో ఓక్లహోమా నుంచి వచ్చాడు. బిగ్ టెన్‌లోకి వెళుతున్నామని 2022 జూన్ నుంచే తెలుసు. రెండేళ్ళ వ్యవధి ఉండగా లైన్ ఎందుకు కట్టుకోలేదు?

#17 · పసడెనా_పద్మ · ఉదయం 11:40

ఇప్పుడు దారిలోకి వచ్చారు. మొదటి నుంచీ నా మాట ఇదే: ఇది లిన్ సమస్య కాదు, రైలీ సమస్య.

మిషిగన్ మీద మన క్వార్టర్‌బ్యాక్ మిల్లర్ మాస్ 51 సార్లు బంతి విసిరాడు. 24-20తో ముందున్నాం, బంతి మన చేతికి వచ్చింది, గడియారం కరిగించాలి. వూడీ మార్క్స్ లాంటి రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) ఉన్నాడు. మొదటి ఆటలో 8 సెకన్లు ఉండగా ఎల్‌ఎస్‌యూను ఓడించిన టచ్‌డౌన్ అతనిదే. అతని చేతికిచ్చి నాలుగు నిమిషాలు నడిపిస్తే ఆట అయిపోయేది. మనం పంట్ చేశాం, అంటే బంతిని దూరంగా తన్ని వాళ్ళకు ఇచ్చేశాం. వాళ్ళు తమ గీత దగ్గరినుంచి 89 గజాలు వచ్చి గెలిచారు. అప్పటికే అలిసిన డిఫెన్స్‌ను మళ్ళీ మైదానంలోకి పంపిందెవరు?

పాస్ తప్పితే గడియారం ఆగుతుంది. మూడు పాస్‌లు తప్పితే నిమిషం కూడా గడవదు, డిఫెన్స్ నీళ్ళు తాగేలోపు మళ్ళీ లేవాలి. 2022లో క్వార్టర్‌బ్యాక్‌గా కేలబ్ విలియమ్స్ ఉన్నాడు కాబట్టి ఇది కనిపించలేదు. అతనికి హైస్మన్ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది, డిఫెన్స్ మాత్రం ఆటకు 29 పాయింట్లు ఇచ్చింది. ఆ ఏడాది చివర్లో టులేన్ ఆట ఎవరైనా మరిచిపోయారా? నాలుగున్నర నిమిషాలు ఉండగా 45-30. ఓడాం, 46-45.

#18 · ఓరుగల్లు_రన్‌బ్యాక్ · ఉదయం 11:46

టులేన్ పేరు మా ఇంట్లో ఎత్తకూడదు. నా పెళ్ళిచూపుల ఫోను మాట్లాడుతూ ఆ ఆట చూశాను. అవతల ఏమడిగారో, నేను ఏం చెప్పానో ఒక్కటీ గుర్తు లేదు. సంబంధం మాత్రం కుదిరింది.

#19 · మూడో_డౌన్ · మధ్యాహ్నం 12:10

#17తో సగం ఏకీభవిస్తాను. పరుగు సగటు బాగున్నప్పుడు కూడా రైలీ వదిలేస్తున్నాడు, అది నిజం. కానీ విస్కాన్సిన్ మీద రెండో సగంలో 28-0 చేసింది కూడా ఈ రైలీయే, ఈ మాసే. గెలిస్తే లిన్, ఓడితే రైలీ అంటే కుదరదు.

మిన్నెసోటా ఆటలో డిఫెన్స్ తప్పు తప్పే. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మాక్స్ బ్రాస్మర్ మూడుసార్లు స్నీక్ చేసి (బంతితో తనే లైన్ మధ్యలోకి దూరి) మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఒకే ఆట, ఒకే మనిషి, ఒకే చోటు. చివరిది 56 సెకన్లు ఉండగా నాలుగో డౌన్ మీద. మొదట ఆపామనే అన్నారు, రివ్యూ చూసి టచ్‌డౌన్ ఇచ్చారు. అంగుళాల్లో పోయిందని ఏడవచ్చు. కానీ ఆ అంగుళాల దాకా ఎందుకు రానిచ్చాం?

#20 · పాత_ట్రోజన్ · మధ్యాహ్నం 1:05

1998లో చదవడానికి వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. మీ కోపం చూస్తే సంతోషంగా ఉంది. కోపం ఉందంటే జట్టు బతికి ఉందని.

మన పాత కోచ్ పీట్ కారల్ రోజులు నేను కళ్ళారా చూశాను. 2008లో మన డిఫెన్స్ ఆటకు 9 పాయింట్లు ఇచ్చింది. తొమ్మిదే! కుషింగ్, మావలూగా, క్లే మాథ్యూస్ ఒకే వరుసలో. కొలీజియంలో మూడో డౌన్ వస్తే జనం కూర్చునేవారు కాదు. అవతలి క్వార్టర్‌బ్యాక్ పెదవులు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. అయినా ఆ డిఫెన్స్ ఒక్క ఏడాదిలో తయారైంది కాదు. కారల్ మొదటి ఏడాది, 2001లో, ఆరు గెలిచి ఆరు ఓడాడు. ఆ ఆరూ చాలావరకు దగ్గర ఓటములే. మేమూ అప్పుడు ఇలాగే పళ్ళు కొరికాం.

ఇక చివరి నిమిషం అంటారా. 2006 జనవరి 4, రోజ్ బౌల్, టెక్సస్. వరుసగా 34 గెలిచిన జట్టు మనది. నాలుగో డౌన్, రెండు గజాలు. అవి తెచ్చుకుంటే చాంపియన్లం. మన లెండేల్ వైట్‌ను ఆపేశారు. 19 సెకన్లు ఉండగా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ కుడి వైపు మూలకు పరిగెత్తాడు. నేను ఆ మూలనే ఉన్నాను. అతను గీత దాటుతుంటే మన వాళ్ళ చేతులు గాలిలో ఉండిపోయాయి. 41-38. ఆ రాత్రి పార్కింగ్ నుంచి కారు తీయడానికి కూడా బుద్ధి పుట్టలేదు.

దేశంలోకెల్లా గొప్ప జట్టుకూ అది జరిగింది. ఇప్పుడు ఈ కుర్రాళ్ళకు జరుగుతోంది. ఈ కుర్రాళ్ళ మీద నాకు కోపం రావడం లేదు.

#21 · ఫిగ్యురోవా_వీధి · మధ్యాహ్నం 1:22

పెద్దలు చెప్పాక కాదనలేను. కానీ నాది కుర్రాళ్ళ మీద కోపం కాదండీ, దిగులు. నేను వచ్చే మేలో డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతున్నాను. రెండేళ్ళ చదువు. మొదటి ఏడు గ్రించ్, రెండో ఏడు ఇది. నాకు ఇంకో ఏడు లేదు. "వచ్చే ఏడాదికి లైన్ గట్టిపడుతుంది" అని అందరూ అంటుంటే, అప్పటికి నేను ఏ ఊళ్ళో ఉంటానో, ఏ ఉద్యోగంలో ఉంటానో అనిపిస్తుంది. విద్యార్థుల గ్యాలరీలో నిలబడి ఒక్కసారి, ఒక్క పెద్ద జట్టును మన డిఫెన్స్ ఆఖరి నిమిషంలో ఆపడం చూడాలని ఉంది. అందుకే అడుగుతున్నాను.

#22 · బాల్టిమోర్_బాబాయి · మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, నువ్వు ఎక్కడున్నా ఈ జట్టు నిన్ను వదలదు. నేను 2009లో క్యాంపస్ వదిలాను. నిన్న సాయంత్రం నాలుగింటి ఆటకు పొద్దున తొమ్మిదింటికే పులిహోర కట్టుకుని బయలుదేరాను.

#23 · గార్డెనా_గిరి · మధ్యాహ్నం 2:15

లిన్ గురించి ఒక సంగతి గమనించాను, ఎవరైనా తప్పయితే దిద్దండి. మొదటి మూడు క్వార్టర్లలో అతను వెనకవాళ్ళను దాచిపెడుతున్నాడు. కమారి రామ్సే ఒకసారి లోతుగా నిలబడతాడు, బంతి కదలగానే ముందుకు వస్తాడు. ఇంకోసారి ముందు నిలబడి వెనక్కి జారుకుంటాడు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఒక్క క్షణం ఆలోచిస్తాడు, ఆ క్షణం మనకు చాలు. నాలుగో క్వార్టర్‌లో ఆధిక్యం ఉన్నప్పుడు మాత్రం ఆ దాగుడుమూతలు తగ్గి, అందరూ లోతుగా పోయి పెద్ద దెబ్బ తగలకుండా చూసుకుంటున్నారు. ముందు నలుగురే తరుముతున్నారు, ఆ నలుగురూ అలిసిపోయారు. క్వార్టర్‌బ్యాక్‌కు టీ తాగేంత సమయం దొరుకుతోంది. పెన్ స్టేట్ ఆ రెండు నాలుగో డౌన్లూ అలాగే తెచ్చుకుంది.

#24 · మూడో_డౌన్ · మధ్యాహ్నం 2:30

ఇది మంచి మాట. నలుగురితో తరమలేనప్పుడు అయిదోవాణ్ణి పంపాలి. పంపితే వెనక ఒకడు ఒంటరిగా మిగులుతాడు. లిన్ ఆ సాహసం ఎందుకు చేయడం లేదంటే, పోయినేడాది మన వెనకవాళ్ళు ఒంటరిగా మిగిలినప్పుడు ఏమైందో ఆయనకూ తెలుసు. యూసీఎల్‌ఏ బెంచీలోంచి చూశాడు కదా, మన మీదే 38-20 గెలిచి వెళ్ళాడు.

#25 · తెనాలి_ట్రోజన్ · మధ్యాహ్నం 2:48

గిరి గారి మాట నాన్నకు చదివి వినిపించాను. కబడ్డీలోనూ అంతేనట. ముందున్నప్పుడు గొలుసు పట్టుకున్నవాళ్ళందరూ వెనక్కి జరుగుతారు, రైడర్‌కు మైదానం పెద్దదవుతుంది. "ముందున్నప్పుడే అడుగు ముందుకు వేయాలి, అదే కష్టం" అన్నారు.

#26 · ఫిగ్యురోవా_వీధి · మధ్యాహ్నం 3:05

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఈ ఉదయం నుంచి నా ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇదే నాకు మనసుకు పట్టింది. సరే, ఒప్పుకుంటున్నాను: ఇది గ్రించ్ డిఫెన్స్ కాదు. అప్పట్లో మొదటి క్వార్టర్ నుంచే జారేది. ఇప్పుడు 50 నిమిషాలు నిలబడుతున్నారు. మిగిలిన పది నిమిషాలకు మనుషులు కావాలి, ధైర్యం కావాలి. మనుషులను ఈ ఏడాది తేలేరు. ధైర్యం ఈ శుక్రవారమే చూపించవచ్చు కదా.

#27 · పసడెనా_పద్మ · మధ్యాహ్నం 3:12

దాంతోపాటు వూడీ మార్క్స్‌కు బంతి కూడా ఇవ్వాలి.

#28 · ఆన్‌ఆర్బర్_అల్లుడు · మధ్యాహ్నం 3:30

శుక్రవారం రట్గర్స్. వాళ్ళూ పరిగెత్తే జట్టే, జాగ్రత్త. మా ఆవిడ కోసం మీ పక్షానే ఉంటాను.

#29 · ఓరుగల్లు_రన్‌బ్యాక్ · సాయంత్రం 5:40

శుక్రవారం రాత్రి 8 గంటల ఆట. పని అయ్యాక ఆర్వైన్ నుంచి నేను కారులో వస్తున్నాను, ఇద్దరికి చోటుంది. చలిగా ఉంటుందేమో, స్వెట్టర్లు తెచ్చుకోండి. ఎక్కడ కలుద్దాం?

#30 · ఫిగ్యురోవా_వీధి · సాయంత్రం 5:52

ఎక్స్‌పొజిషన్ వీధిలో, అందరూ తన్నే స్తంభం దగ్గర. ఏడు గంటలకు. తెనాలి గారూ, నాన్నగారు వస్తున్నారా?

#31 · తెనాలి_ట్రోజన్ · సాయంత్రం 6:20

వస్తున్నారు. ఊళ్ళో బాబాయికి ఫోను చేసి, అక్కడ శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు టీవీలో వస్తుందేమో చూడమని కూడా చెప్పారు. మధ్యాహ్నం మందుల షాపుకు వెళ్ళినప్పుడు చిన్న నోటుపుస్తకం ఒకటి కొనుక్కున్నారు. మొదటి పేజీలో నిలువుగా ఒక గీత కొట్టి, ఒక వైపు "జారినవి", రెండో వైపు "నిలిచినవి" అని రాసుకున్నారు.